చేతియంత్రమునకు చదువు చెప్పుట

గత సంవత్సరము మా పాఠశాల తల్లిదండ్రుల సమావేశమున, సభ ముగియబోవు సమయమున, ఒక తండ్రిగారు లేచి మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. వారు బెంగుళూరు నగర బస్సులలో కండక్టరు పని చేయుచున్నారు. "సార్, నేను దినమంతా చేతిలో పట్టుకొని తిరిగే టిక్కెట్ల మిషను ఉంది కదా, అట్లాంటి వాటికి బుద్ధి నేర్పేవాళ్ళు ఈ ఊళ్ళోనే వేలమంది ఉన్నారంట. మావాడు మీ బడిలో తెలుగులో చదివి ఆ పని చేయగలడా? చేయలేడంటే ఇప్పుడే చెప్పండి, వచ్చే ఏడు ఇంగ్లీషు బడికి మార్చేస్తాను" అని వారు నిర్మొహమాటముగా అడిగిరి. సభలో ఎవ్వరును నవ్వలేదు. అక్కడ కూర్చున్న పెక్కుమంది మనస్సులలో అదే ప్రశ్న యున్నదని మాకు తోచినది.

"చేయగలడు" అను మాట మా నాలుక చివరకు వచ్చినది. కాని ఆ పని యెట్టిదో మాకే తెలియదు. తెలియని దానిని గూర్చి హామీ యిచ్చుట ఉపాధ్యాయునకు తగదు. కాన "విచారించి చెప్పెదము" అని కూర్చుంటిమి. పిమ్మట కొన్ని నెలలు మా పూర్వవిద్యార్థుల నాశ్రయించి, వారు చెప్పగా విని, కొంత కన్నులార చూచి, తెలిసికొన్న సంగతులను ఈ వ్యాసమున పొందుపరచుచున్నాము. ఇదియే ఆ తండ్రిగారికి మేమిచ్చు జవాబు.

మన ఊరిలో పుట్టిన చేతియంత్రము

నేడు చేతియంత్రము లేని తావు లేదు. బస్సులో టిక్కెట్టు నిచ్చునది అదియే. ఆంధ్రప్రదేశమున 2015 నుండి చౌకధరల దుకాణములలో వ్రేలిముద్ర చూచి బియ్యము తూచి ఇప్పించుచున్నదియు అట్టిదే. ఇట్టి యంత్రమును సామాన్యుని కొరకు, సామాన్యుని భాషలో చేయవలెనను ఆలోచన మన బెంగుళూరులోనే ఒకప్పుడు మొలకెత్తినదని మా పిల్లలలో చాలమందికి తెలియదు.

1909లో ఏర్పడి, నేటికిని ఊరివారిచే టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలువబడుచున్న భారతీయ విజ్ఞాన సంస్థలోని ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, వి. వినయ్, రమేశ్ హరిహరన్ గారలును, ఎన్‌కోర్ అను సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే ప్రభృతులును కలిసి 1999లో ఒక ట్రస్టు నేర్పరచిరి. వారు నిర్మింపదలచిన యంత్రమునకు "సింప్యూటర్" అని పేరు పెట్టిరి. సరళమైనది, చవుకయైనది, పెక్కుభాషలు తెలిసినది అను అర్థము వచ్చు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములతో ఆ పేరు కూర్చబడినది. 2001 ఏప్రిల్ 25వ తేదీన వారు తమ యంత్రమును లోకమునకు చూపిరి. 1954లో జాలహళ్ళియందు వెలసిన భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారము 2004లో దానిని "అమిడా" అను పేర తయారుచేసి విడుదల గావించినది. అందు మిక్కిలి చవుకయైన రకము వెల సుమారు 10 వేల రూపాయలు.

ఆ యంత్రమునకు మీటల పలక లేదు. చిన్న పుల్లతో తెరపై తాకిన చాలును. ఒక్కొక్కరు ఒక యంత్రమును కొనలేరని తలచి, గ్రామమంతటికి ఒకటి యుండి, ఎవరి లెక్కలు వారి చిన్న కార్డులో దాచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. చదువురాని వానికి యంత్రమే చదివి వినిపించుటకై "ధ్వని" అను ప్రోగ్రామును సిద్ధపరచిరి. అది తొలుత కన్నడ, హిందీ వాక్యములను పలికెడిది. తరువాత ఇతరులు దానిని తెలుగునకును, మరి కొన్ని భారతీయ భాషలకును విస్తరింపజేసిరి.

ఐనను సింప్యూటర్ తలచినంతగా చెల్లుబాటు కాలేదు. కొన్ని వేలు మాత్రమే అమ్ముడుపోయినవి. ఇంతలో సెల్‌ఫోనులు చవుకయై ఊరూర వ్యాపించినవి. చదువురానివాడును వాడుకొనదగిన యంత్రము, మాతృభాషలో పలుకు యంత్రము అను ఆశయము మాత్రము నశింపలేదు. నేడు కూరగాయల అంగడిలో సొమ్ము ముట్టగానే "ఇంత వచ్చినది" అని తెలుగులోనో కన్నడములోనో పలుకు చిన్నపెట్టెను చూచినప్పుడెల్ల మాకు ఆ ఆచార్యుల ప్రయత్నము జ్ఞప్తికి వచ్చును.

ఇద్దరు పిల్లలు, ఒక్క పేరు

ఇక మా బడిలో జరిగిన సంగతి చెప్పెదము. మూడేండ్ల క్రిందట మేము పిల్లల హాజరు వేయుటకు నాలుగు చేతియంత్రములు కొంటిమి. ఉపాధ్యాయుడు బిడ్డ పేరు తాకినచో హాజరు పడును. రాని బిడ్డ యింటికి నిస్తంత్రి మార్గమున వెంటనే కబురు పోవును. పేర్లు తెలుగులో ఎక్కింపగా తెరపై అక్షరములకు బదులు చతురములు వరుసగా కానవచ్చినవి. యంత్రము నమ్మినవారిని అడుగగా "ఇంగ్లీషులో వ్రాసికొనుడు" అనిరి. అట్లే వ్రాసితిమి.

ఆరవ తరగతిలో రమ అను బాలికయు, రామ అను బాలుడును ఉండిరి. ఇంగ్లీషులో వ్రాయగా ఇద్దరి పేరును ఒక్కటే యైనది. ఇంటిపేరు మొదటి అక్షరమును ఒక్కటే. ఫోను నంబర్లు ఎక్కించునపుడు ఒకరిది ఒకరికి మారినది. తప్పు మా గుమాస్తాది కాదు. కంటికి రెండు వరుసలును ఒక్క తీరుననే యుండెను. ఒకనాడు రామ బడికి రాలేదు. కబురు రమ తల్లికి పోయినది. ఆమె బట్టల కర్మాగారమున కుట్టుపని చేయు ఇల్లాలు. బిడ్డ బడికి చేరలేదని విని, మిషను విడిచి, పరుగున బడికి వచ్చి, తరగతి గుమ్మమున నిలిచి, లోపల కూర్చున్న కూతురును చూచి కంటతడి పెట్టినది. ఆమెకు పూటకూలి పోయినది. మాకు తల వంగినది. ఒక దీర్ఘము లోపించినందున ఇంత జరిగెను గదా అని ఆనాడు మేమనుకొంటిమి.

మా బడిలోనే తెలుగు మాధ్యమమున పదవ తరగతి చదివి, ఇప్పుడు వైట్‌ఫీల్డులోని ఒక సంస్థలో పనిచేయుచున్న పూర్వవిద్యార్థిని పిలిపించితిమి. యంత్రము నమ్మినవారు మొదట వెనుకాడినను, తుదకు మూల ప్రోగ్రామును ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఆ యువకుడు రెండు ఆదివారములు మా ఆఫీసుగదిలో కూర్చుండి పని చేసెను. మేము ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు వేసితిమి.

అనువాదకుని పని

యంత్రమునకు తెలుగు రాదు, ఇంగ్లీషును రాదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. "ఈ అంకె వచ్చినచో కూడుము, ఆ అంకె వచ్చినచో పోల్చుము" అని దాని మెదడైన ప్రాసెసరు నందు ముందే నిర్ణయింపబడి యుండును. మనుష్యుడు తనకు చదువ వీలైన భాషలో ఆజ్ఞలు వ్రాయును. ఆ వ్రాతను యంత్రపు అంకెలలోనికి మార్చు అనువాదకుడే కంపైలరు. ఇదియు ఒక ప్రోగ్రామే. గ్రేస్ హాపర్ అను అమెరికా గణితవేత్రి 1952లో ఇట్టి పనికి త్రోవ చూపినది. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో వెలువరించిన కంపైలరు ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది. మా పూర్వవిద్యార్థి వాడినదియు దాని సంతతిలోనిదే.

కంపైలరు మిక్కిలి కఠినుడైన ఉపాధ్యాయుని వంటిది. వాక్యము చివర ఉండవలసిన గుర్తు ఒకటి తప్పినను "ఫలాని పంక్తిలో తప్పున్నది" అని చెప్పి పని నిలిపివేయును. తప్పులన్నియు దిద్దిన పిమ్మటనే అనువాదము జరుగును. ఆపై విడివిడిగా నున్న భాగములను, ఇదివరకే ఇతరులు వ్రాసి సిద్ధముగా నుంచిన భాగములను కలుపవలెను. రెండు పదములను సంధి చేసి ఒక్క పదము గావించినట్లే ఇదియు ఒక కూర్పు. ఒక్క భాగము దొరకకున్నను కూర్పు జరుగదు.

మొదటి ఆదివారము మా పూర్వవిద్యార్థి చిన్న ప్రోగ్రామును తన కంప్యూటరుమీదనే అనువదించి, అక్కడ నడిపి చూపెను. "నమస్కారము" అని తెరపై వచ్చినది. దానినే చేతియంత్రములోనికి పంపగా, యంత్రము "ఇది నాకు అర్థము కాదు" అను భావముతో తిరస్కరించినది. మేము ఆశ్చర్యపడితిమి. అతడు నవ్వి, "సార్, మీకు చూపించాలనే అట్లా చేసినాను" అనెను.

కారణమిది. బల్లమీది కంప్యూటర్ల ప్రాసెసర్లు చాలవరకు ఒక కుదురునకు చెందినవి. చేతియంత్రములలోనివి ప్రాయికముగా ఆర్మ్ అను వేరొక కుదురునకు చెందినవి. 1985లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఏకార్న్ అను సంస్థ మొదటి ఆర్మ్ ప్రాసెసరును చేసినది. అది తక్కువ విద్యుత్తుతో పనిచేయును. కాన బ్యాటరీతో నడచు యంత్రములకు తగినది. సింప్యూటర్ లోపల నున్నదియు ఈ కుటుంబములోని స్ట్రాంగ్ ఆర్మ్ అను ప్రాసెసరే. ఒక కుదురు అంకెల భాష మరియొక కుదురునకు తెలియదు.

మరి చేతియంత్రముమీదనే కంపైలరును నడుపరాదా? నడుపుట దుర్ఘటము. దాని జ్ఞాపకము చిన్నది, బ్యాటరీ చిన్నది, తెర చిన్నది. కాన పెద్ద కంప్యూటరుమీద కూర్చుండి చిన్న యంత్రపు భాషలోనికి అనువదించు కంపైలరును వాడుదురు. బెంగుళూరులో కూర్చున్న అనువాదకుడు కలకత్తా పాఠకుని కొరకు మన తెలుగు ఉత్తరమును బంగాళీలో వ్రాసి యిచ్చును గదా! అనువాదకుడున్న ఊరు వేరు, చదువువాని భాష వేరు. ఇదియు అట్టిదే. మా పూర్వవిద్యార్థి ఒక్క మాట మార్చి తిరిగి అనువదింపగా, ఈ పర్యాయము చేతియంత్రము నమస్కారము పెట్టినది.

లక్ష్మికి ఇరువదియొక్క గడులు

రెండవ చిక్కు అక్షరములది. ప్రపంచములోని లిపులన్నిటికిని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చిన పట్టిక కలదు. దానిని యూనికోడ్ అందురు. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. మన లిపికి 128 గడులు కేటాయింపబడినవి. దాని ప్రక్కగడిలోనే కన్నడలిపి మొదలగును. తెలుగు 'క'కు సంఖ్య 3093, కన్నడ 'క'కు 3221. భేదము సరిగా 128. తక్కిన హల్లులకును ఇట్లే. ఈ ఊరిలో ప్రక్క ప్రక్క ఇండ్లలో కాపురముండు మన రెండు భాషలు ఆ పట్టికలోను ఇరుగుపొరుగుగనే యున్నవని విని మేమెంతో సంతోషించితిమి.

తెలుగు అక్షరముల చిత్రములు చేతియంత్రములో లేనందున చతురములు కనబడినవి. వానిని ఎక్కించిన చాలదు; వత్తును క్రింద చేర్చుట, గుడిని పైన తగిలించుట నేర్పు భాగమును కూడ కలుపవలెను. అదియు జరిగినది. రమకు రమ, రామకు రామ వేరువేరుగా కనబడినవి. కాని "లక్ష్మి" అను పేరు చివర విరిగినది. మా పూర్వవిద్యార్థి కాగితముమీద లెక్క వ్రాసి చూపెను. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి - ఇవి ఏడు గుర్తులు. ఒక్కొక్క తెలుగు గుర్తును దాచుటకు యంత్రమున మూడు గడులు కావలెను. ఏడు మూళ్ళు ఇరువదియొకటి. యంత్రము చేసినవారు పేరునకు ఇరువది గడులే విడిచిరి. ఇంగ్లీషులో ఒక అక్షరమునకు ఒక గడి చాలును గావున, వారికి ఇరువది విశాలముగా తోచినది. వారిది దుర్బుద్ధి కాదు. తెలుగు పేరు వ్రాయునప్పుడు ఏమగునో ఎరిగినవాడు ఆ గదిలో లేడు, అంతియే. మా వాడు ఇరువదిని నూటయిరువది గావించి తిరిగి అనువదించెను. లక్ష్మి నిండుగా కనబడినది.

ఎక్కించుటలోని ప్రమాదము

అనువాదము పూర్తియైన ప్రోగ్రామును యంత్రములోనికి ఎక్కింపవలెను. తీగద్వారా ఎక్కింపవచ్చును, నిస్తంత్రి మార్గమునను పంపవచ్చును. త్రోవలో ఒక్క అంకె మారినను యంత్రము దారి తప్పును. కాన పంపువాడు మొత్తము అంకెలపై ఒక లెక్క చేసి, వచ్చిన ఫలమును వెంట పంపును. అందుకొన్న యంత్రము తానును అదే లెక్క చేసి ఫలములు సరిపోయినవో లేదో చూచును. జమాఖర్చు పుస్తకమున పుట అడుగున మొత్తము వేసి సరిచూచు పద్ధతియే యిది.

రెండవ ఆదివారము మూడు యంత్రములు చక్కగా ముగిసినవి. నాలుగవ దానికి ఎక్కించుచుండగా నడుమ విద్యుత్తు పోయినది. ఆ యంత్రపు బ్యాటరీ అప్పటికే అడుగంటి యుండుటచే అదియు ఆరిపోయినది. పిదప ఎంత నొక్కినను తెర వెలుగలేదు. పాతప్రోగ్రాము చెరిగినది; క్రొత్తది సగమే చేరినది. వేల రూపాయల వస్తువు మట్టిబెడ్డ యైనదని మేము దిగులుపడితిమి. మా పూర్వవిద్యార్థి మాత్రము తొణకలేదు. ప్రతి యంత్రములోను మొట్టమొదట మేల్కొను చిన్న ప్రోగ్రాము ఒకటి వేరుగా నుండును. పైదానిని చెరిపినను అది చెరుగదు. పలకమీద వ్రాసినది తుడిచినను పలక మిగులును గదా! దానిని మేల్కొలిపి, తీగద్వారా తిరిగి మొదటినుండి పంపగా యంత్రము బ్రతికినది.

ఇప్పటి మంచి యంత్రములలో ఇంకను జాగ్రత్త పాటింతురు. రెండు అరలు పెట్టి, ఒకదానిలో పాతది నడచుచుండగా రెండవదానిలో క్రొత్తది నింపుదురు. క్రొత్తది సరిగా మేల్కొననిచో యంత్రము పాతదానికే మరలును. బ్యాటరీ చాలినంత లేనిచో ఎక్కించుటకే ఒప్పుకొనదు. పంపినవాడు తయారీదారుడేనా, మధ్యలో దొంగ యెవడైన దూరెనా అని పరీక్షించుటకు రహస్యపు ముద్రయు కలదు. డబ్బు లెక్కలు చూచు యంత్రములకు ఇది ప్రాణప్రదము. వేలకొలది యంత్రములకు ఒకేసారి పంపక, మొదట కొన్నింటికి పంపి, అవి సవ్యముగా నడచిన పిదప తక్కిన వానికి పంపుట వివేకుల పద్ధతి.

తండ్రిగారికి జవాబు

ఇంతవరకు చదివిన తల్లిదండ్రులు ఈ పనికి ఏ గుణములు కావలెనో గ్రహించియే యుందురు. చెప్పదలచినది తప్పులేక వ్రాయుట, లెక్క సరిచూచుట, తప్పు దొరకినపుడు విసుగక వెదకుట, ఒక వస్తువు ఎవరికొరకో యెరిగి చేయుట - ఇవి ఏ భాషలో నేర్చినను నేర్చినవే. బిడ్డకు బాగుగా అర్థమగు భాషలో నేర్చిన లోతుగా నాటును. మా పూర్వవిద్యార్థి వాడిన సీ అను భాషకు 1989లో ఏర్పడిన ప్రమాణము ప్రకారము ప్రత్యేకపదములు 32 మాత్రమే. ఏబదియారు అక్షరములును, వాని గుణింతములును, వత్తులును దిద్దిన బిడ్డకు ముప్పదిరెండు పదములు భారము కావు.

ఐనను ఒక్క నిజము దాచరాదు. తెలుగు ఒక్కటే చాలునని మేము చెప్పము. ఈ విద్యకు సంబంధించిన గ్రంథములలో అత్యధికములు ఇంగ్లీషుననే యున్నవి. మా పూర్వవిద్యార్థియు కళాశాలలో చేరిన మొదటి యేడు ఇంగ్లీషు పాఠములు అర్థము గాక మిక్కిలి కష్టపడితినని మాతో చెప్పెను. అందులకు మాదే బాధ్యత. ఈ సంవత్సరమునుండి ఎనిమిదవ తరగతి మొదలుకొని గణిత, విజ్ఞాన పాఠములలోని పారిభాషిక పదములను తెలుగుతోపాటు ఇంగ్లీషునను నేర్పుచున్నాము. కన్నడము నీ నాటి భాష. దానిని చక్కగా నేర్వనిదే ఇక్కడ బ్రతుకు సాగదు. మూడింటిని మోయుట బిడ్డకు బరువే. కాని మొదటిది గట్టిగా కుదిరినచో తక్కిన రెండును దానిపై నిలుచునని మా అనుభవము.

ఇంకొక మాట. లక్ష్మికి ఇరువదియొక్క గడులు కావలెనని తెలుగు వ్రాసినవానికే తోచును. రేపు మన అవ్వలు, తాతలు చేతపట్టుకొను యంత్రములలో వారి పేర్లు విరుగకుండ కనబడవలెనన్న, ఆ యంత్రములు చేయు గదులలో తెలుగు చదివిన పిల్లలు కొందరైనను కూర్చుండవలెను. కన్నడము, తమిళము, ఉర్దూ చదివిన పిల్లలును అట్లే కూర్చుండవలెను.

ఆ కండక్టరుగారి కుమారుడు ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో మా బడిలోనే యున్నాడు. శనివారము ఒంటిపూట బడి ముగిసిన పిమ్మట మా పూర్వవిద్యార్థి వచ్చి పన్నెండుమంది పిల్లలకు ఈ విద్య నేర్పుచున్నాడు. వారిలో ఆ బాలుడొకడు, రమ మరియొకతె. మొన్న ఆ బాలుడు వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు పదునొకండుసార్లు త్రిప్పికొట్టినది. పండ్రెండవసారి అంగీకరించినది. ఏ తల్లిదండ్రులైనను ఒక శనివారము వచ్చి వెనుకబల్లమీద కూర్చుండి చూడవచ్చును. మా మాట నమ్ముటకంటె కన్నులార చూచుట మేలు.